మూల చిరిగిన జవాబు కార్డు

మొన్న మా చెల్లెలి మనవడు కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చి, చేతిలో ఫోను నా ముక్కు దాకా తెచ్చి చూపించాడు. ఎవరో పేరున్న ఆటగాడి పక్కన నిలబడి తీసుకున్న ఫోటో. ఆటగాడి ముఖం సగమే పడింది, వీడి పళ్ళు మాత్రం అన్నీ పడ్డాయి.

"సంతకం అడగలేదారా?" అన్నాను.

వాడు నన్ను జాలిగా చూశాడు. "సంతకం ఏం జేసుకుంట అమ్మమ్మా? గది ఎవలన్న గీకచ్చు. ఫోటోల అయితే నేనుంట గదా."

మాట నిజమే, కాదనలేకపోయాను. వాడు సర్వపిండి తిని, నూనె చేతులు పరదాకు తుడిచి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ పూట ఏ పనీ తోచలేదు. ఒకప్పుడు నాకు బయటి ప్రపంచం అంటే ఎవరెవరో ముసలివాళ్ళు పెట్టి పంపిన సంతకాలే. ఆ సంగతి వాడికి చెప్తే నవ్వుతాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు చొప్పదండికి దగ్గర. బస్సు దిగి మక్క చేన్ల మధ్య బండి బాట పట్టుకుని వస్తే, ఊరి కంటే ముందు మా ఇంటి గోడలే కనిపించేవి. భవంతి ఇల్లు. నడిమధ్య వాకిలి, చుట్టూ అర్రలు, ముందు ఇనుప బొడిపెలు కొట్టిన పెద్ద దర్వాజ. ఊళ్ళో వాళ్ళు ఆ గోడలను బయట నుంచి చూసి ఎంత పెద్ద ఇల్లో అనుకునేవాళ్ళు. లోపల నుంచి చూసిన నాకు అది ఎంత చిన్నదో బాగా తెలుసు. ఒక మూల వడ్ల గుమ్మి చెమ్మ వాసన, ఇంకో మూల ఎండు మిరపకాయల ఘాటు, వంటింట్లో పుంటికూర ఉడికే పులుపు. కళ్ళు మూసుకుని తిరిగినా ఎక్కడున్నానో చెప్పగలను. అన్నిసార్లు తిరిగాను మరి.

ఎనిమిదో తరగతి దాకా బడికి పోయాను. ఆ ఎండాకాలం పెద్దమనిషినయ్యాను. మేనత్తలు వచ్చారు, కొత్త బట్టలు పెట్టారు, నువ్వుల ముద్దలు, ఎండు కొబ్బరి, బెల్లం తినిపించి తినిపించి నాకు వాటి మీదే విరక్తి పుట్టించారు. పాటలు పాడారు. ఎవరి ఇండ్లకు వాళ్ళు పోయారు. వానాకాలం మొదట్లో బడి తెరిచారు. ఆ పొద్దున నన్ను ఎవరూ లేపలేదు.

అంతే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, ఇక బడి లేదని కూడా చెప్పలేదు. లేచేసరికి ఎండ వాకిట్లోకి వచ్చింది. నా పుస్తకాల సంచీ అటక మీద ఉంది. "అవ్వా, బడి..." అన్నాను. మా అవ్వ, అంటే మా అమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండా, "గా చెంబు గిట్ల అందియ్యి బిడ్డా" అంది. చెంబు అందించాను. మా ఇంట్లో పెద్ద పెద్ద సంగతులన్నీ ఇలాగే తేలిపోయేవి.

ఆ తర్వాత దర్వాజ దాటాలంటే ఎవరిదో పెళ్ళి కావాలి, లేదా ఎవరో చావాలి. అప్పుడు కూడా చుట్టూ పరదా కట్టిన బండిలో. రోజూ పొద్దున చొప్పదండి బస్సు హారన్ వినిపించేది. నా తోటి పిల్లలు అందులో పోతున్నారని తెలిసి నేను వడ్ల గుమ్మి వెనక్కి పోయి కూర్చునేదాన్ని. నాకు బడి కావాలి. ఎందుకు కావాలో అడిగితే ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు.

మా బాపుకు, అంటే నాన్నకు, ఒక తమ్ముడుండేవాడు. నాకు కాక. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. చదువు సంగతి దేవుడెరుగు, ఫుట్‌బాల్ అంటే పిచ్చి. తను గొప్పగా ఆడేవాడేం కాదు. "నన్ను టీములకు తీసుకునేది నిమ్మకాయలు కోయనీకె" అని తనే చెప్పి నవ్వేవాడు. కాకకు ఇష్టమైనవాళ్ళు అప్పటి ఆటగాళ్ళు కూడా కారు, వాళ్ళ కంటే ముందు ఆడి మానేసిన ముసలివాళ్ళు. ఒకాయన సైకిళ్ళ దుకాణంలో కూర్చునేవాడట. ఇంకొకాయన రోజూ సాయంత్రం మైదానం గోడ పక్కన చాయ్ తాగుతూ పిల్లల ఆట చూసి తిట్టేవాడట. బూట్లు లేకుండా ఆడిన కాళ్ళట, ఆ బొటనవేలు చూస్తే దండం పెట్టబుద్ధి అవుతుందట. కాక చెప్తుంటే నాకు వాన వాసన, బురద వాసన, చాయ్ వాసన అన్నీ వచ్చేవి.

సెలవులకు వచ్చినప్పుడు పాత గుడ్డలన్నీ ఉండ చుట్టి, పైన సుతిలి కట్టి బంతి చేసేవాడు. వాకిట్లో రెండు స్తంభాల మధ్య గోలు. నన్ను గోలుకు నిలబెట్టేవాడు. ఒకసారి నేను ఆపిన బంతి పక్కకు పోయి బాపమ్మ చల్ల కుండకు తగిలింది. చల్లంతా వాకిలి పాలు. బాపమ్మ, అంటే మా బాపు తల్లి, కవ్వం పట్టుకుని కాక వెంట పడింది. నన్ను మాత్రం ఏమీ అనలేదు. ఆటలో నేను కూడా ఉన్నానని ఆమెకు తోచనే లేదు.

నేను బడి మానిన సంగతి తెలిసిన రోజు కాక అన్నం సరిగా తినలేదు. సాయంత్రం నా దగ్గర కూర్చుని, "నువ్వు బయటికి పోరాదు గద. సరే, బయటోళ్లనే లోపలికి పిలుద్దాం తియ్యి" అన్నాడు. సంచీలో నుంచి జవాబు కార్డులు తీశాడు.

ఇప్పటి వాళ్ళకు జవాబు కార్డు అంటే తెలియదు. రెండు పోస్టు కార్డులు ఒకదానికొకటి అంటుకుని మధ్యలో మడతతో ఉండేవి. ఒకదాని మీద మనం రాయాలి. రెండో దాని మీద మన చిరునామా మనమే రాసి పెట్టాలి. అందుకున్నవాళ్ళు ఆ రెండోది చింపి, జవాబు రాసి డబ్బాలో వేస్తే చాలు, వాళ్ళకు ఖర్చు లేదు. పాత ఆటగాళ్ళ చిరునామాలు కాక పట్టుకొచ్చేవాడు. రాసేది నేను. "అయ్యా, మీ ఆట గురించి విన్నాను, మీ సంతకం పంపగలరు" అని కాక ఇంగ్లీషులో చెప్తే నేను గుండ్రంగా రాసేదాన్ని. జవాబులు కాక హాస్టల్‌కు పోయేవి. దసరాకో, ఎండాకాలం సెలవులకో వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి తెచ్చి నా ఒళ్ళో పోసేవాడు.

అవి చూసుకున్నప్పటి సంతోషం ఇప్పటికీ ఒళ్ళో ఉన్నట్టే ఉంటుంది. ఒకాయన సంతకం కార్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగదీశాడు. ఒకాయన తెలుగులో, ఒకటో తరగతి పిల్లవాడిలా అక్షరం అక్షరం విడివిడిగా పెట్టాడు. ఒక కార్డుకు అత్తరు వాసన, ఇంకోదానికి మిర్చి బజ్జీల నూనె. ఒకటి మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది. వెనక ఇంగ్లీషులో ఎవరో, ఆయన పోయి చాలా రోజులైంది, మీరు గుర్తు పెట్టుకున్నందుకు సంతోషం అని రాశారు. కాక దాన్ని కూడా మిగతావాటిలోనే పెట్టమన్నాడు. బొగ్గు ముక్కతో గుమ్మి వెనక గోడ మీద ఆ సంతకాలన్నీ దించేదాన్ని. ఎవరి చెయ్యి ఎక్కడ లేచి ఎక్కడ దిగిందో నాకు నోటికొచ్చు. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అది కాక పిచ్చి, దానికి నేను కావలి అనుకున్నారు.

తర్వాత కాకకు బొంబాయి దగ్గర కొలువు దొరికింది. పోయే ముందు నేను ఒక్కటే అడిగాను. "కాకా, బాపుతోని నా బడి సంగతి మాట్లాడు."

"మాట్లాడుత. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను తలుపు చాటున నిలబడ్డాను. కాక పచ్చిపులుసు కలుపుకుని, గొంతు సవరించుకుని, "అన్నా, పిల్ల ఉషారున్నది. పదో తర్గతి దాకనన్న..." అన్నాడు.

బాపు తల ఎత్తలేదు. "అన్నం తిను" అన్నాడు.

కాక అన్నం తిన్నాడు. మా బాపు అరిచే మనిషి కాదు, ఆయనతో వచ్చిన చిక్కే అది. అరిస్తే మనమూ ఏదో ఒకటి అనవచ్చు. "అన్నం తిను" అన్న మనిషితో ఎవరేం కొట్లాడతారు?

తెల్లారి కాక పోతూ పోతూ నేను రాసిన చివరి జవాబు కార్డు తీసుకుపోయి డబ్బాలో వేశాడు. హాస్టల్ లేదు కాబట్టి ఈసారి మా ఇంటి చిరునామానే రాయాల్సి వచ్చింది. నా పేరు రాస్తే టపా మనిషికి ఎవరో తెలియదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళ పేరు మీద ఉత్తరం వచ్చిందే లేదు. అందుకని బాపు పేరు, ఊరు పేరు రాశాను. ఉత్తరంలో మాత్రం అడుగుతున్నది ఒక ఆడపిల్ల అని రాశాను. ఆ కార్డు పోయింది ఒకప్పటి గొప్ప వెనక వరుస ఆటగాడికి. కాక దేవుడిలా చెప్పుకునే మనిషి.

జవాబు వచ్చిన రోజు బాపు కరీంనగర్‌లో భూమి పేషీకి పోయాడు. పొద్దుటి నుంచి ముసురు. వంటింట్లో మూకుడులో సర్వపిండి కాలుతోంది. నువ్వులు, కరివేపాకు, పచ్చిమిర్చి కలిసిన ఆ వాసనకు నేను పొయ్యి పక్కనే తచ్చాడుతున్నాను. దర్వాజ దగ్గర టపా మనిషి గొంతు వినిపించింది. మామూలుగా అయితే లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగి పోయేవాడు. ఆ రోజు గడప ఇవతలికి కాలు పెట్టలేదు.

"అమ్మా, దొర పేరు మీద కార్డచ్చింది. మూల చినిగి ఉన్నది. ఉర్దూల ఉన్నది, నాకు రాదు. అరుగు మీద రాయి కింద వెడుతున్న. దొర అచ్చినంక సూపియ్యున్రి" అని చెప్పి గబగబా వెళ్ళిపోయాడు.

మా దిక్కు చావు కబురు రాసిన కార్డుకు మూల చింపి టపాలో వేసేవాళ్ళు. అందుకున్న ఇంటివాళ్ళు దాన్ని గడప దాటనియ్యరు. బయటనే చదివించుకుని, బయటనే చింపేసి, స్నానాలు చేసి లోపలికి వస్తారు. మూల చిరిగిందన్న మాట వినగానే మా అవ్వ మూకుడు దించి పొయ్యి ఆర్పేసింది. సగం కాలిన సర్వపిండి పొగ ఇల్లంతా కమ్ముకుంది. బాపమ్మ వక్క కత్తిరిస్తున్న అడకత్తెర అక్కడే వదిలేసి లేచింది.

"ఉర్దూల అంటే బోథ్‌దే" అంది. "నా తమ్ముడే. నా తమ్ముడు వోయిండు."

బాపమ్మ పుట్టిల్లు ఆదిలాబాద్ దిక్కు, బోథ్. ఆమె తమ్ముడు ఒక్కడే మాకు ఉర్దూలో రాసేవాడు. ఆ వానాకాలం ఆయనకు దమ్ము, అదే ఆయాసం, ఎక్కువైందని కబురు కూడా వచ్చింది. కాబట్టి బాపమ్మకు సందేహమే లేదు. అరుగు మీద, ఆ కార్డుకు కొంచెం ఎడంగా కూలబడి శోకం ఎత్తుకుంది.

నేను దర్వాజ సందులో నుంచి చూశాను. రాయి కింద కార్డు కొస కనిపిస్తోంది. దాని మీద గుండ్రటి అక్షరాలు నావి.  మొదట సంతోషం, ఆ వెంటనే భయం. మూల ఎందుకు చిరిగిందో కూడా అర్థమైంది. జవాబు కార్డును మడత దగ్గర విడదీసేటప్పుడు జాగ్రత్తగా చింపకపోతే మూల ఊడి వస్తుంది. కాక అయితే మడత మీద గోరుతో గీసి చింపేవాడు. ఆ ముసలాయన లాగేసి ఉంటాడు.

చెప్తే నా గుట్టు బయటపడుతుంది, బాపు దాకా పోతుంది, ఇక కార్డులు కూడా ఉండవు. కానీ బతికున్న మనిషికి బాపమ్మ ఏడుస్తుంటే ఎట్లా చూస్తూ ఉండను?

"బాపమ్మా, ఏడ్వకు. గది చావు కబురు కాదు. నాకచ్చిన ఉత్తరం" అన్నాను దర్వాజ లోపలి నుంచి.

బాపమ్మ ఏడుపు ఆపి నా వైపు చూసింది. "నీకా? నీకెవలు రాస్తరే?"

"హైదరాబాద్‌ల బంతాట ఆడినాయన."

మా అవ్వ నా భుజం పట్టుకుంది. "టపాలాయన బాపు పేరు చెప్పిండు గదనే."

"ఆ పేరు నేనే రాసిన."

"మనింటికి నువ్వే ఉత్తరం రాసుకున్నవా?"

"అవునవ్వా. కార్డు నేనే రాసి, నేనే..." చెప్తున్నకొద్దీ నాకే పిచ్చిమాటల్లా వినిపించాయి. మా అవ్వ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "పిల్లకు ఆకలయితున్నట్టున్నది, ఏందేందో మాట్లాడుతున్నది" అని బాపమ్మతో అంది. రాత నాదేనని చూపిద్దామంటే, ఆ కార్డు ముట్టనియ్యరు. ముట్టనిచ్చినా లాభం లేదు. ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకూ చదువు రాదు. అసలు నాకు ఎవరో ఉత్తరం రాయడమన్నది వాళ్ళకు అబద్ధంగా కూడా అనిపించలేదు. ఆకలి అనిపించింది.

బాపు సాయంత్రం బస్సుకు గానీ రాడు. అందాకా అన్నం లేదు, పొయ్యి లేదు. బాపమ్మ ఆగి ఆగి ఏడ్చింది. మా దిక్కు శోకం అంటే ఉత్త ఏడుపు కాదు, బతుకంతా అందులో చెప్పుకుంటారు. నేను దర్వాజ లోపల గడప పక్కన కూర్చుని విన్నాను.

"నన్ను బండెక్కిచ్చి బండెంట ఉరికినవు తమ్మీ... తాయీ తాయీ అనుకుంట వాగు దాక అచ్చినవు తమ్మీ... గీ దర్వాజల వడ్డంక మల్ల నేను ఆ వాగు జూసిన్నా తమ్మీ..."

వాళ్ళ వైపు మరాఠీ కలిసిన మాట. అక్కను తాయి అంటారు. బాపమ్మ ఈ ఇంటికి వచ్చేనాటికి నా కంటే చిన్నదట. ఆ తర్వాత పుట్టింటికి పోయింది వేళ్ళ మీద లెక్కపెట్టినన్ని సార్లే. తమ్ముడే ఏడాదికోసారి బండి మీద ఇప్పపువ్వు, జొన్నలు వేసుకుని వచ్చి, ఒక పూట ఉండి పోయేవాడు. అవన్నీ నాకు ఆ రోజే తెలిశాయి. నన్ను బయటికి పోనియ్యనివాళ్ళలో బాపమ్మే మొదటిదని నాకు ఆమె మీద లోలోపల మంటగా ఉండేది. ఆ రోజు మంట పోలేదు గానీ, ఆమె ఎంతకాలంగా ఈ గోడల లోపల ఉందో మొదటిసారి లెక్క వేసుకున్నాను. నేనూ ఇట్లాగే ముసలిదాన్ని అవుతాను కదా అనిపించింది. అంతకు ముందు ఎప్పుడూ అంత దూరం ఆలోచించలేదు.

పొద్దు వాలుతుండగా ముసురు ఆగింది. బాపు గొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు. అరుగు మీద తల్లిని చూసి అక్కడే ఆగాడు.

"నీ మేనమామ వోయిండు కొడుకా" అంది బాపమ్మ.

బాపు చెప్పులు విడిచి, రాయి తీసి, కార్డు అందుకుని, అద్దాలు పెట్టుకున్నాడు. మా బాపు చదువంతా ఉర్దూలోనే. ఉర్దూ పేపరు ఒకరోజు ఆలస్యంగా వచ్చినా చివరి అక్షరం దాకా చదివేవాడు. ఆయన ముఖం చూస్తూ నేను దర్వాజ రెక్కకు అతుక్కుపోయాను. చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. కార్డు తిప్పి చిరునామా చూశాడు. అక్కడ చాలాసేపు ఆగాడు.

"గీ రాత ఎవలది?" అన్నాడు.

"నాది బాపూ."

"మామకేం గాలే అవ్వా" అన్నాడు బాపమ్మ వైపు తిరిగి. "గిది దానికే అచ్చింది."

 బాపమ్మ ముక్కు తుడుచుకుని, "బతికున్నోనికి ఏడిస్తే ఆయిసు వెరుగుతది. మంచిదే అయింది" అంది. మళ్ళీ వెంటనే, "దీనికెవలు రాసిన్రురా? ఏం రాసిన్రు?" అంది.

బాపు పైకి చదివాడు. ఉర్దూ చూస్తూ తెలుగులో చెప్తూ, మధ్య మధ్య ఆగుతూ. "బేటీ, నీ కార్డందింది. నా చెయ్యి వణుకుతది. దస్తకత్ వంకర అచ్చింది, ఏమనుకోకు. మా కాలంల ఆడిపిల్లలు ఆట చూడనీకె సుత రాకపోదురు. నువ్వు అడిగినవు, నాకు మస్తు ఖుషీ అయింది. నువ్వు ఏ జాగల ఆడుతవు? మీ బడి మైదానం ఎట్లుంటది? గడ్డి ఉంటదా, ఉత్త మట్టేనా? మట్టి అయితే పడ్డప్పుడు మోకాలు పైలం. రోజు ఆడు. నాకు రాయి."

చివరికి వచ్చేసరికి బాపు గొంతు తగ్గింది.  నేను దర్వాజ లోపల, వాళ్ళు బయట. నాకు ఏడుపు వచ్చింది. ఎక్కడో కూర్చున్న మనిషికి, నేను ఏదో ఒక మైదానంలో ఉంటానన్న విషయంలో అనుమానమే లేదు.

"ఇటియ్యి బాపూ, సంతకం చూస్త" అన్నాను.

"మూల చినిగిన కార్డు ఇంట్లకు రానియ్య. ఏదైతేంది, చింపెయ్యిరా" అంది బాపమ్మ.

"కార్డు లోపల్కి రావద్దు, పిల్ల బయిటికి రావద్దు. మరి అది ఎట్ల జూసుకోవాలె?" అన్నాడు బాపు. వెటకారంగా కాదు, నిజంగానే ఏం చెయ్యాలో తెలియక అడిగినట్టు.

బాపమ్మ కాసేపు నన్నే చూసింది. పొద్దంతా ఏడ్చి ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. "అరుగు దాక అస్తె అచ్చె తియ్యి. అరుగు మనదే గదా" అంది.

నేను గడప దాటాను. పరదా బండి లేకుండా, నా కాళ్ళ మీద. అరుగు రాయి తడిగా, చల్లగా ఉంది. బాటలో మేకలు ఇళ్ళకు పోతున్నాయి. ఎవరి ఇంట్లోనో మక్క కంకులు కాలుస్తున్నారు. గోడ లోపల నుంచి ఎన్నోసార్లు పీల్చిన వాసనే, కానీ పొగ ఏ ఇంటి కప్పు మీద నుంచి వస్తోందో ఆ రోజు కళ్ళతో చూశాను. బాపు పక్కన కూర్చుని కార్డు చూశాను. సంతకం వంకరగా, కొండెక్కి దిగినట్టుగా ఉంది. దాన్ని బొగ్గుతో దించాలంటే నా చెయ్యి కూడా వణకాల్సిందే.

బాపు సంచీలో నుంచి కొత్త కార్డు, కలం తీశాడు. "పెద్దమనిషి అడిగిండు. జవాబియ్యకుంటే బాగుండదు. ఆయనకు ఉర్దూనే అస్తదేమో. నువ్వు చెప్పు, నేను రాస్త."

ఇంతకంటే మంచి అదను నాకు మళ్ళీ రాదని తెలుసు. బాపును ముఖాముఖి అడిగే ధైర్యం లేదు. కానీ ఆ ముసలాయనకు చెప్తున్నట్టు చెప్పవచ్చు.

"నేను ఏ జాగల సుత ఆడను అని రాయి బాపూ. మా కాక ఉన్నప్పుడు వాకిట్ల గోలుకు నిలవడ్డ, ఇప్పుడు కాక లేడు. బడికి పంపుతలేరు, దర్వాజ దాటనిస్తలేరు, మైదానం ఎట్లుంటదో నాకు తెల్వదు అని రాయి. నాకు బడికి పోవాలని ఉన్నది అని రాయి."

బాపు కలం ఆగింది. ఆయన బాట వైపు చూశాడు. లోపల మా అవ్వ పొయ్యి ముట్టిస్తున్న చప్పుడు. బాపమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంటోంది.  ఏదో అంటాడని, తిడతాడనో, సరే అంటాడనో ఎదురుచూశాను. ఏమీ అనలేదు. మెల్లగా, కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోయాడు. నేను చెప్పినదానికి తగ్గంతసేపే రాశాడు. కార్డు నా ముందు పెట్టి, "దస్తకత్ నువ్వు చెయ్యి" అన్నాడు.

అన్ని సంతకాలు పోగేసిన నేను, అంతవరకు నా సంతకం ఎక్కడా చెయ్యలేదు. ఆ ఉర్దూ వరుసల కింద తెలుగులో నా పేరు పూర్తిగా రాశాను. కింద ఒక గీత గీశాను, పెద్దవాళ్ళు గీసినట్టు.

"ఇగ లోపల్కి నడువు, చీకటైతున్నది" అన్నాడు బాపు.

నడిచాను. బాపు ఆ జవాబును టపాలో వేయించాడు గానీ, ముసలాయన పంపిన మూల చిరిగిన కార్డును గడప దాటనియ్యలేదు. కొట్టం చూరులో దోపాడు. మరుసటి ఏడు వానలకు అది నాని చెదలు పట్టిపోయింది. నాకు బడి రాలేదు. బోథ్ తాత మాత్రం దమ్ము తగ్గి, ఇప్పపువ్వు మూటతో వచ్చి, తన చావుకు అక్క ఎట్లా ఏడ్చిందో పాడించుకుని విని నవ్వి పోయాడు. ముసలాయన నుంచి మళ్ళీ జవాబు రాలేదు. నేను రోజూ దర్వాజ సందులో నుంచి చూశాను. తర్వాత నాకు పెళ్ళి చేసి కరీంనగర్ పంపారు. అక్కడ ఇంకో దర్వాజ.

చాలా ఏండ్లకు, బాపు కంటి ఆపరేషన్‌కు వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. మా అమ్మాయి ఆ ఏడే కాలేజీలో చేరింది. అది సైకిల్ తీసి బయటికి పోతున్న చప్పుడు విని, కళ్ళకు కట్టుతో కూర్చున్న ఆయన ఉన్నట్టుండి అన్నాడు.

"ఆ నాడు అరుగు మీద నేనేం రాసిన్నో ఎన్నడు అడుగకపోతివి."

"నేను చెప్పిందే రాసినవు గద బాపూ."

"లే" అన్నాడు. "బడికి పోతున్న అని రాసిన. రోజు ఆడుతున్న అని రాసిన. మైదానం నిండ పచ్చగడ్డి ఉన్నది, పడ్డా మోకాలుకు ఏం గాదు అని రాసిన."

 "ఎందుకు బాపూ?" అన్నాను.

"పరాయి మనిషికి, నా బిడ్డను దర్వాజ దాటనిస్తలేనని నా చేతితోని ఎట్ల రాయాలె? శరమైంది."

"శరమైతే బడికే పంపకపోతివా?"

ఆయన చెయ్యి గాలిలో దేనికోసమో వెతికింది. నీళ్ళ గ్లాసు అందించాను. తాగి పడుకున్నాడు. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు. ఆయన పోయేదాకా సేవ చేశాను. ఆయన మీద నాకు ప్రేమ ఉంది. ఆ కోపం కూడా అట్లాగే ఉంది, ఇప్పటికీ ఉంది. సిగ్గుపడడం తెలిసిన మనిషి, తప్పని తెలిసిన మనిషి, సరిదిద్దడం కంటే రాసేయడమే తేలిక అనుకున్నాడు.

ఆ ముసలి ఆటగాడు ఎప్పుడు పోయాడో నాకు తెలియదు. కానీ పోయేదాకా ఆయన లెక్కలో చొప్పదండి పక్క ఊళ్ళో ఒక పిల్ల రోజూ బడికి పోతూనే ఉంది, పచ్చగడ్డి మీద పడి లేస్తూనే ఉంది. ఆ మాటల కింద సంతకం నాదే.